పెరటి మొక్కయు ఛాయాచిత్రమును



కెమెరా లేని యిల్లు నేడు పట్టణమున నరుదు. సెల్‌ఫోను కొన్నవారందఱును తమకు తెలియకయే కెమెరాను గూడ కొన్నవారైరి. పెండ్లి, పేరంటము, పిల్లల పుట్టినదినము, తీర్థయాత్ర, వీనిని మనము లెక్కకు మించి తీయుచున్నాము. అయినను మొక్కను తీయవలసివచ్చినప్పుడు మాత్రము మనలో ననేకులు ఒక్క తీరుననే తీయుదురు. నిలుచున్నచోటనే నిలిచి, పూవును చిత్రము నడుమకు తెచ్చి, మీట నొక్కి పోవుదురు. గులాబియైనను, మందారమైనను, అన్నియు నొక్క అచ్చున పోసినట్లుండును. పదిదినములు గడచిన పిదప చూచినచో “ఇవి యెందుకు తీసితిమి?” అని తీసినవారికే తోచును. లోపము పూవునందు లేదు, యంత్రమునందును లేదు. చూపునందు కల్పన లేకపోవుటయే లోపము.

కల్పన యనగా లేనిదానిని పుట్టించుట యని కొందఱు తలంతురు. మన ఆలంకారికులు అట్లు చెప్పలేదు. ఉన్న వస్తువును ఉన్నట్లు వర్ణించుట స్వభావోక్తి. ఆ వస్తువునందలి గుణమును పట్టుకొని దానిని మఱియొకటిగా ఊహించుట ఉత్ప్రేక్ష. చెప్పినదానివలన చెప్పనిదానిని స్ఫురింపజేయుట ధ్వని. ఇవి కావ్యములకొఱకు చెప్పబడినవే. అయినను మొక్కను చిత్రింపగోరు గృహిణికి ఇంతకన్న మంచి పాఠములు నాకు కనబడలేదు.

ఇట్టి పని తీరికగలవారికిని, దేశములు తిరుగువారికిని గాని మనకు కాదని యనువారు గలరు. చరిత్ర అందుకు విరుద్ధముగ చెప్పుచున్నది. ఛాయాచిత్రములతో కూర్చిన మొదటి గ్రంథముగ ఎన్నబడునది ఒక స్త్రీ చేసినది. అన్నా అట్కిన్సు అను ఆంగ్లవనిత నీటినాచులను గూర్చిన ఆ గ్రంథముయొక్క మొదటి భాగమును 1843లో వెలువరించెను. ఆమెకు కెమెరాతో పనియే లేకపోయెను. జాన్ హెర్షెల్ అను శాస్త్రజ్ఞుడు అంతకు ముందటి యేడు కనిపెట్టిన విధానము ననుసరించి, మందు పూసిన కాగితముపై నాచును పఱచి, ఎండలో నుంచి, పిదప నీట కడిగెడిది. నాచు కప్పినంతమేర తెల్లగను, తక్కిన భాగము నీలముగను నిలిచెడిది. అమెరికాదేశమున ఇమొజెన్ కనింగ్‌హామ్ అను నామె ముగ్గురు చిన్నబిడ్డల తల్లి, అందిద్దఱు కవలలు. ఇల్లు విడిచి దూరము పోవ వీలులేని ఆ దినములలో ఆమె తన పెరటి మొక్కలవైపునకే కెమెరాను త్రిప్పెను. 1925లో ఆమె తీసిన మాగ్నోలియా పుష్పచిత్రము నేటికిని లోకప్రసిద్ధము. అందు పూవు చట్రమంతయు నిండియుండును.

మన హైదరాబాదునందే, ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను కాలమున, ఆస్థాన ఛాయాచిత్రకారుడగు రాజా దీనదయాళు 1892లో ఘోషాస్త్రీలకొఱకు జనానా స్టూడియో నొకదానిని తెఱచెను. అందు చిత్రములు తీయునది యొక ఆంగ్లవనిత. ఆనాడు మన స్త్రీలు కెమెరా యెదుట కూర్చుండుటయే గొప్ప. నేడు కెమెరా మనచేతనే యున్నది. మన కన్నులకు తోచినదానిని మనమే నిలుపుకొనవచ్చును.

స్వభావోక్తి: ఉన్నదానిని ఉన్నట్లు

దండి తన కావ్యాదర్శమున అర్థాలంకారములను చెప్పబూని స్వభావోక్తిని మొదట నిలిపెను. ఉన్నదానిని ఉన్నట్లు చూచుట తేలిక గాదు. అందుకు మొదటి సాధనము దగ్గఱకు పోవుట.

గుమ్మమునకు కట్టు బంతిపూవును మనము వేలసారులు చూచియుందుము. అది నిజముగ నొక పూవు గాదు. రేకులని మనము పిలుచునవి ఒక్కొక్కటియు నొక్కొక్క చిన్నపూవు. చామంతియు నట్టిదే. చట్రమంతయు బంతితో నింపి, ఆ చిన్నపూవులు మొదలంట కనబడునట్లు తీసినచో, దండలోని పూవు మఱుగై, ఒక పేటలోని జనసమ్మర్దము కనబడును.

బీర, కాకర పాదులయందలి నులితీగలను చూడుడు. పందిరికఱ్ఱను పట్టుకొనిన పిదప నులితీగ ఉంగరములుగ చుట్టుకొనును. సగముదాక నొకవైపునకును, నడుమ కొంచెము తిన్నగ సాగి, ఆవల రెండవవైపునకును తిరుగును. రెండుకొసలును కట్టుబడిన తీగ అంతయు నొకేవైపునకు మెలితిరుగజాలదు గదా! ఈ వింతను ఛార్లెస్ డార్విను 1865లో తీగమొక్కలనుగూర్చి ప్రకటించిన పరిశోధనయందు వివరించెను. మన వంటింటి వెనుక పందిరిలో అది దినదినము జరుగుచున్నది. వెనుక తెల్లనిగోడ వచ్చునట్లు నిలిచి ఆ యుంగరములను మాత్రము తీయుడు. పాదంతయు చిత్రమున నక్కఱలేదు.

జర్మనీదేశమున కార్ల్ బ్లాస్‌ఫెల్డ్ అను ఉపాధ్యాయుడు బెర్లినునందు కళావిద్యార్థులకు ఆకృతులు నేర్పుటకై మొక్కలను తీసెడివాడు. తాను స్వయముగ కూర్చుకొన్న కెమెరాతో మొగ్గలను, చిగుళ్లను, ఎండిన కాయలను పెక్కురెట్లు పెంచి చూపెను. 1928లో ఆ చిత్రములు గ్రంథముగ వెలువడగా, ఇనుపకమ్మీల పనితనమును, స్తంభముల చెక్కడములను జనులు సామాన్యపు మొక్కలయందే చూచిరి. వెనుక నే యలంకారమును లేని వట్టితెర, ఎదుట మొక్క. ఆయన యేర్పాటు ఇంతియే.

వెనుకతెర మనకును దుర్లభము గాదు. పిల్లవాని పలక, తెల్లకాగితము, ఉతికిన పాతచీరె, ఏదైనను చాలును. లేతరంగు పూవునకు నల్లని వెనుకయు, ముదురాకునకు తెల్లని వెనుకయు పొసగును. ఫోనును పూవునకు మరీ యానించినచో చిత్రము మసకబాఱును. జానెడు దూరమున నిలిపి, తెరపై పూవున్నచోట వ్రేలితో తాకినచో యంత్రము దానిమీదనే దృష్టి నిలుపును. ఎక్కువైన అంచులను పిదప కత్తిరించుకొనవచ్చును. గాలి వీచుచున్నప్పుడు తొందరపడక, తీగ ఊగి నిలుచు క్షణమునకై కాచుకొనవలెను. ముందుగా కెమెరా అద్దమును మెత్తని నూలుగుడ్డతో తుడుచుకొనుడు. వంటింటి చేతిజిడ్డుకన్న చిత్రమునకు శత్రువు లేదు.

వేళ యెఱుగుటయు స్వభావోక్తిలోనిదే. గుమ్మడిపూవు వేకువను విచ్చి, ఎండముదురునప్పటికి ముడుచుకొనును. బీరపూవు, సొరపూవు సాయంకాలమున విచ్చును. పారిజాతము రాత్రి విచ్చి, తెల్లవాఱునప్పటికి నేల రాలును. తీరిక దొరకిన మధ్యాహ్నమున వచ్చి తీయువారికి ఇవి చిక్కవు. పాలకొఱకు చీకటితో లేచి, మరల సంధ్యాదీపమునకు వెలుపలికి వచ్చు గృహిణికి చిక్కును. పైగా ఏటవాలుగ పడు ప్రొద్దుటి యెండయు, సాయంకాలపు టెండయు ఆకుల గరుకును, రేకుల మడతలను చక్కగ చూపును. నడిమింటి యెండ అన్నిటిని చదును చేయును. ఇంటిపట్టున నుండుట కొఱత యని తలంచు సోదరీమణులు ఈ యొక్క విషయమున నది లాభమని గ్రహింపవలెను.

ఉత్ప్రేక్ష: చోటు మాఱిన రూపు మాఱును

మా కొత్తపేట హైదరాబాదునకు తూర్పున, దిల్‌సుఖ్‌నగరునకును ఎల్.బి.నగరునకును చేరువనున్నది. 2018 నుండి మెట్రో రైలు మా తలలమీదుగ పోవుచున్నది. ఇట్టిచోట ప్రకృతి యెక్కడిదని మీరడుగవచ్చును. భాద్రపదము ముగియవచ్చునప్పటికి గునుగును, తంగేడును కట్టలుగ పల్లెలనుండి మా రోడ్లప్రక్కకు వచ్చును. తంగేడు 2014లో తెలంగాణపు రాష్ట్రపుష్పమయ్యెను. గునుగునకు అట్టి గౌరవమేదియు లేదు. చేలయందది కలుపుమొక్క. నిలుచుండి, క్రిందికి చూచి తీసినచో చిత్రమునందును కలుపుమొక్కయే. ఫోనును తలక్రిందులుగ పట్టి, కెమెరా అద్దము నేలకు చేరువగ నుండునట్లుంచి, ఆకాశమువైపునకు తీసినచో అదే గునుగు దీపస్తంభమగును. కంకి క్రింద తెలుపును, కొసన గులాబిరంగును గలిగియుండుటచే వత్తికొసన వెలుగు నిలిచినట్లు తోచును.

ఇట్లు క్రిందినుండి చూచుట యొకటి. వెనుకనుండి చూచుట రెండవది. రావియాకును సూర్యునికి అడ్డముగ పట్టి ఈవలినుండి తీసినచో, పచ్చదనము వెలుగై, ఈనెలన్నియు ఏఱులును కాలువలునుగ విడిపోయి, ఆకు ఒక దేశపటమువలె కనబడును. లోపలినుండి చూచుట మూడవది. రాయలసీమలో కదిరికి చేరువనున్న తిమ్మమ్మ మఱ్ఱిమాను 1989లో గిన్నిసు గ్రంథమునకెక్కినది. దాదాపు ఐదెకరములు పరచుకొన్న ఆ వృక్షమును వెలుపల నిలిచి తీసినవారికి ఒక తోపు మాత్రమే చిక్కును. ఊడలనడుమ నిలిచి తీసినవారికి వేయిస్తంభముల మంటపము చిక్కును. పూలకుండీలోని మరువమునకును ఇదే మాట చెల్లును. ఆకుల మధ్యకు కెమెరాను దింపినచో అది యొక యడవి.

మా పేటనుండి విజయవాడ బాటను పోయినచో, వనస్థలిపురము చెంత మహావీర హరిణ వనస్థలి యున్నది. పూర్వమది నిజాముల వేటమైదానము, 1994లో జాతీయవనమయ్యెను. అచ్చటికి వచ్చువారందఱును కృష్ణమృగములకొఱకు దూరదూరముగ చూతురు. కాలిక్రిందకు చూచువారు కొందఱే. మన మెట్టనేలల గడ్డిలో నొక జాతికి గింజకొసన మెలితిరిగిన పొడవైన ముల్లుండును. తడితగిలినచో ఆ మెలి విడును, ఆఱినచో మరల బిగియును. ఆ కదలికచేతనే గింజ నేలలోనికి దిగును. అట్టి గడ్డి కనబడినప్పుడు మోకాళ్లపై వంగి ఆ ముల్లును దగ్గఱగ తీయుడు. కృష్ణమృగపుకొమ్ము మెలియే గడ్డిపరకయందును కనబడును.

అయితే ఉత్ప్రేక్షకు నియమము గలదు. ఊహకు వస్తువునందు ఆధారముండవలెను. గునుగునకు దీపపు పోలిక దాని రంగునుండి వచ్చినది. గడ్డిముల్లునకు కొమ్ముపోలిక దాని మెలినుండి వచ్చినది. నేడు యంత్రములు ఏ తోటయందును పూయని పూవును క్షణములో కల్పించి చూపుచున్నవి. ఆకాశపురంగు మాఱ్చుట, లేని సీతాకోకచిలుకను వ్రాల్చుట వానికి చిటికెలో పని. చూచి ముచ్చటపడుటకు అడ్డులేదు గాని, ఆ చిత్రము మనకు మొక్కనుగూర్చి ఏమియు చెప్పదు. వస్తువును విడిచిన యూహ ఉత్ప్రేక్ష గాదు, వట్టి భ్రాంతి.

ఆధారముగల యూహ చిత్రమును మాత్రమే గాక, తెలివిని గూడ పెంచును. చేమయాకుపై నీటిబొట్టు ముత్యమువలె నిలుచును. ఆ బొట్టులోనుండి చూచినచో ఆకుయీనెలు పెద్దవై కనబడును గనుక దానిని భూతద్దమనియు ననవచ్చును. తామరాకుపై నీరంటకుండుటను మన పెద్దలు వైరాగ్యమునకు పోలికగ చెప్పిరి. కారణమును 1997లో బార్త్‌లాట్, నైన్‌హూయిస్ అను జర్మను శాస్త్రజ్ఞులు విపులముగ ప్రకటించిరి. ఆకుపై కంటికి కానరాని బొడిపెలును, వానిమీద మైనపుపూతయు నుండుటచే నీరు పఱచుకొనక, బొట్టుగ నిలిచి, దొర్లునప్పుడు దుమ్మును గూడ ఎత్తుకొనిపోవును. ముత్యమువలె నున్నదేమని చిత్రకారునికి కలిగిన ఆశ్చర్యమే “ఎందుకు?” అను ప్రశ్నయై శాస్త్రజ్ఞుని నడిపించును.

ధ్వని: చూపనిదానిని చూపుట

తొమ్మిదవ శతాబ్దివాడగు ఆనందవర్ధనుడు కావ్యమునకు ధ్వనియే ఆత్మ యని స్థాపించెను. అంతయు విప్పి చెప్పినచో వినువానికి పనియుండదు. చిత్రమునందును అంతే. ఏమి చూపవలె నన్నదానికన్న ఏమి విడువవలె నన్నది పెద్దప్రశ్న.

పారిజాతపుచెట్టును పూలతో తీయవచ్చును. దానికి మాఱుగ, వేకువను ఊడ్చిన వాకిట రాలిన నాలుగు పూలను, చీపురుకొసను మాత్రము తీసినచో, చెట్టును, రాత్రిని, లేచి వాకిలూడ్చిన యామెను గూడ చూచువారు తామే కల్పించుకొందురు. మందారమునకు మాఱుగ గోడపై పడిన దాని నీడను తీయవచ్చును. బతుకమ్మను పేర్చిన పిదప నేలపై మిగిలిన తంగేటాకులు, తెగిన కాడలు, గునుగునకు రంగద్దిన యెఱ్ఱని వ్రేళ్లు, ఇవి చాలును. బతుకమ్మ ఎచ్చటను కానరాకున్నను పండుగంతయు అందున్నది.

విడుచుటయందు న్యాయమును గూడ పాటింపవలెను. సరూర్‌నగరు చెరువువంటి పట్టణపు చెరువులను గుఱ్ఱపుడెక్క క్రమ్ముట మనమెఱిగినదే. దాని పూవు ఊదారంగున, నడుమ నెమలికన్నువంటి పసుపుచుక్కతో మిక్కిలి సొగసైనది. పూవును మాత్రము తీసినచో కన్నులపండుగ. అది దక్షిణ అమెరికానుండి వచ్చి, నీటిని కప్పి, వెలుగును గాలిని లోనికి పోనీయని మొక్క యన్న మాట ఆ చిత్రము చెప్పదు. కావున పూవును ముందుంచి, వెనుక చెరువు మసకగనైన కనబడునట్లు రెండవ చిత్రమును తీయవలెను. అందమును, ఆపదయు రెండును నిజములే గదా!

చిత్రము చేయు మేలు

ఇంతశ్రమ యెందులకని యడుగువారికి ఒక సంగతి చెప్పెదను. మా వీథిలో ఖాళీజాగా యొకటి యుండెడిది. వానలు పడగానే అందు గునుగు, తుమ్మి, జిల్లేడు, ఉత్తరేణి, పల్లేరు మున్నగునవి మొలచెడివి. మూడు వానకాలములు వానిని తీసితిని. ఒక్కొక్క మొక్కకు మూడేసి చిత్రములు: ఆకు, కాడ, పూవు స్పష్టముగ నెఱుకపడునది యొకటి, నా మనసునకు తోచిన చోటినుండి తీసినది యొకటి, చుట్టునున్న గోడయు, వీథియు కనబడునది యొకటి. “చెత్తమొక్కలకు ఫొటోలేమమ్మా!” అని పొరుగువారు నవ్వెడివారు.

మా అత్తగారికి డెబ్బదియెనిమిది యేండ్లు. మోకాళ్లనొప్పులచే మూడంతస్తులు దిగిరాలేరు. చూపును కొంత మందగించినది. సాయంకాలములందు ఆ చిత్రములను తెరపై పెంచి వారికి చూపెడిదానను. ఒకనాడు నేలకుచేరి, కంకిని పక్కనుండి తీసిన చిత్రమును చూడగానే వారి మొగము విప్పారెను. “గిది ఉత్తరేణి గాదా బిడ్డా! చేన్ల కెల్లి వస్తుంటె చీరెకు పట్టుకొని ఇంటిదాక వచ్చేటిది” అనిరి. కంకికి గింజలన్నియు క్రిందికి వాలి, మొనలతో అతుకుకొనియుండుట ఆ చిత్రమున స్పష్టముగ నుండెను. పైనుండి తీసియుండినచో వట్టి ఆకులు మాత్రమే కనబడెడివి. అట్లు ఇరువదిమూడు మొక్కలలో పందొమ్మిదింటికి వారు తమ యూరి పేర్లు చెప్పిరి. మావారు ఆ చిత్రములనే బడిపిల్లలకు చూపగా, వారు పేరు చెప్పగలిగినవి నాలుగు.

గత సంవత్సరము ఆ జాగాలో పునాదులు త్రవ్విరి. ఇల్లు కట్టుకొనువారిని తప్పుపట్టరాదు. మేమున్న యిల్లును ఒకప్పటి చేనే. అయితే అచ్చట ఇరువదిమూడు తీరుల మొక్కలుండెనన్నదానికి నేడు ఆ చిత్రములును, వానిక్రింద వ్రాసికొన్న తేదులును, మా అత్తగారు చెప్పిన పేర్లును తప్ప వేఱు సాక్ష్యము లేదు. ఒక తరము చూచి పేరుపెట్టినదానిని తరువాతి తరము చూడనేలేదనిన, ఆ పేరు నిఘంటువునకు పోవును. పిదప అచ్చటను వెదకువారుండరు. మొక్కను కొత్తచూపున తీయుట వేడుకయే. ఆ వేడుక లేనిచో “చెత్తమొక్క” యొద్ద ఎవరును నిలువరు. నిలువనివారికి పేరుతోను పనిలేదు.

కొన్ని జాగ్రత్తలు చెప్పి ముగించెదను. చిత్రముకొఱకు పూవును కోయకుడు, గూడును కదపకుడు. జిల్లేడుపాలు కంటబడినచో కంటికి హానికరము. దానిని తీయునప్పుడు ఆకును తుంపరాదు, చేతులు కడుగుకొనక కన్నులు తుడుచుకొనరాదు. పొదలయందు చేయి పెట్టకముందు పుల్లతో కదల్చి చూడుడు. తీసిననాడే చిత్రముక్రింద తేదిని, చోటును, ఇంటి పెద్దలు చెప్పు పేరును వ్రాసికొనుడు.

ఇల్లు చిన్నదని, పెరడు లేదని వెనుదీయవలదు. తులసికోట, కరివేపచెట్టు, గోడపగులున మొలచిన రావిమొలక, కిటికీలోని పుదీనా కుండీ, వీనిలో నొకదానిని ఎన్నుకొని ఏడుదినములు ఏడుచోట్ల నిలిచి తీయుడు. ఒకనాడు పైనుండి, ఒకనాడు నేలనుండి, ఒకనాడు వెలుగునకు అడ్డముగ, ఒకనాడు నీడను మాత్రము. ఏడవనాటికి మొక్క అదియే యుండును గాని మీ చూపు అదియే యుండదు. అట్టి చూపు ఇంటింటను మేల్కొని, మన అమ్మమ్మలు, నాయనమ్మలు ఎఱిగిన మొక్కల పేర్లు మన బిడ్డల నోటను నిలుచుగాక!